తొవ్వలో ముచ్చట: నల్లగొండ, పాలమూరు ప్రయాణ మిత్రులు తరచుగా అడిగే ప్రశ్నలు

నల్లగొండ, పాలమూరు (మహబూబ్‌నగర్) ప్రాంతాలకు చెందిన కొందరం నెలకొక ఆదివారం కలుసుకొని, ఆర్టీసీ బస్సులోనో రైల్లోనో ఏదో ఒక ఊరికి వెళ్లి, పొద్దుగూకే వేళకు ఇళ్లకు చేరుకుంటాము. 2016లోనూ 2019లోనూ జరిగిన జిల్లాల పునర్వ్యవస్థీకరణ తర్వాత మేము ఎనిమిది జిల్లాల వాళ్లమయ్యాము గానీ, మాటల్లో ఇప్పటికీ నల్లగొండోళ్లమని, పాలమూరోళ్లమని చెప్పుకొంటాము. కొత్తగా రాదలచిన వారు బస్సు వేళల కన్నా ఎక్కువగా అడిగేది తోటివారితో ఏమి మాట్లాడాలి, ఎంతవరకు మాట్లాడాలి, తమ అభిరుచులకు అక్కడ చోటు ఉంటుందా అన్న సంగతులే. వాటికి మాకు అనుభవంలో తెలిసిన సమాధానాలను ఇక్కడ రాస్తున్నాము.

గుడినో కోటనో చూడడానికి వెళ్తూ ముచ్చటకు అంత ప్రాధాన్యం ఎందుకు ఇస్తారు?

మా వైపు ‘ముచ్చట’ అంటే కాలక్షేపపు కబురు మాత్రమే కాదు. ఇంటికి వచ్చిన మనిషిని ‘ఏం ముచ్చట?’ అని పలకరిస్తే అందులో క్షేమం అడగడం, వచ్చిన పని అడగడం, కూర్చోమనడం మూడూ కలిసి ఉంటాయి. కోటను చూసి ఎత్తును, గుడిని చూసి శిల్పాన్ని గుర్తుపెట్టుకోవచ్చు. కానీ ఆ కోట కింద మేకలు కాస్తున్న మనిషితోనో, బస్సులో పక్క సీటులో కూర్చున్న తోటి ప్రయాణికునితోనో మనసు విప్పి మాట్లాడకపోతే ఆ ఊరు మనకు సగమే తెలిసినట్లు అని మేము నమ్ముతాము.

ఈ నమ్మకానికి మా నేల మీదే ఒక పెద్ద ఉదాహరణ ఉంది. 1951 ఏప్రిల్ 18న వినోబా భావే కాలినడకన పోచంపల్లికి వచ్చారు. ఊరి దళితవాడకు వెళ్లి మీకేమి కావాలని అడిగారు. సాగుకు ఎనభై ఎకరాల భూమి ఉంటే బతుకుతామని వారు చెప్పారు. ఆ మాటను ఆయన ఊరివారి ముందు ఉంచగా వెదిరె రామచంద్రారెడ్డి నూరు ఎకరాలు ఇస్తానని లేచారు. భూదానోద్యమం అక్కడ పుట్టింది, ఊరి పేరు భూదాన్ పోచంపల్లి అయింది. ఆ ఉద్యమం తర్వాత ఏమైందన్నది వేరే చర్చ. నడుచుకుంటూ వచ్చిన ఒక బాటసారి ఒక ప్రశ్న అడిగి, దానికి వచ్చిన జవాబును చివరిదాకా విన్నాడన్నదే మాకు ముఖ్యం. అడగడం చాలామందికి వస్తుంది. వినడాన్ని మాత్రం అభ్యాసం చేసుకోవాలి.

మొదటిసారి వస్తున్నాను, ఎవరూ పరిచయం లేరు. మాట ఎక్కడి నుంచి ఎత్తుకోవాలి?

చేతిలో ఉన్న వస్తువు నుంచి ఎత్తుకోండి. ‘మీరేం చేస్తుంటారు?’ అన్న ప్రశ్న ఎదుటి మనిషిని ఉద్యోగంలోకి కుదిస్తుంది. అదే ‘మీ సద్దిలో ఏం తెచ్చుకున్నారు?’ అని అడిగితే ఇల్లు, ఊరు, అమ్మ చేతి వంట, చేను అన్నీ వరుసగా బయటికి వస్తాయి. జొన్నరొట్టె మీద కారం ఎలా నూరారన్న దగ్గర మొదలైన మాట, ఆ జొన్న ఏ చేలో పండిందన్న దాకా, ఇప్పుడు ఆ చేను ఎందుకు బీడు పడిందన్న దాకా సాగడం మేము ఎన్నోసార్లు చూశాము.

ఊరి మాటల తేడాలు కూడా మంచి ఆరంభమే. నల్లగొండ వారు పల్లికాయ అనేదాన్ని గద్వాల వైపు వారు బుడ్డలు అంటారు. తెలంగాణలో పుంటికూర అయినది తుంగభద్ర దాటితే గోంగూర అవుతుంది. ఒకసారి రైల్లో ఇద్దరు సభ్యులు పిల్లలమర్రి గురించి అరగంట సేపు మాట్లాడుకొని, ఒకరు చెప్పేది మహబూబ్‌నగర్ పక్కనున్న దాదాపు ఏడు వందల ఏళ్ల మర్రిచెట్టు గురించి, ఇంకొకరు చెప్పేది సూర్యాపేట దగ్గర కాకతీయుల కాలపు ఎరకేశ్వర, నామేశ్వరాలయాలున్న ఊరి గురించి అని ఆలస్యంగా తెలుసుకున్నారు. ఆ పొరపాటు వల్ల తర్వాతి రెండు నెలల్లో మేము రెండు పిల్లలమర్రులనూ చూసి వచ్చాము. ఆ ఇద్దరూ ఇప్పటికీ ఒకే సీటులో కూర్చుంటారు.

ఒకరినొకరు ఏమని పిలుచుకుంటారు? మీరు అనాలా, నువ్వు అనాలా?

వయసులో పెద్దవారిని అన్న, అక్క, పెద్దమ్మ, బాపు, తాత అని వరుస పెట్టి పిలవడం మా అలవాటు. వరుస కలిపితే పేరు మరిచిపోయినా మాట ఆగదు. ‘నువ్వు’ అన్న మాట విషయంలో బయటి జిల్లాల నుంచి వచ్చినవారు ఒక్కోసారి నొచ్చుకుంటారు. పాలమూరు పల్లెలో ఒక ముసలమ్మ ‘నువ్వెప్పుడొచ్చినవ్ బిడ్డా’ అంటే అది చిన్నచూపు కాదు, మనల్ని తన ఇంటి మనిషిని చేసుకోవడం. అయితే ఆమెకు మనం ‘మీరు’ అనే జవాబివ్వాలి. నారాయణపేట, మక్తల్ వైపు వెళ్తే తెలుగులో కన్నడం, ఉర్దూ సహజంగా కలిసి వినిపిస్తాయి. ఆ భాషను సరిదిద్దే ప్రయత్నం ఎవరూ చేయవద్దు. వీలైతే రెండు మాటలు నేర్చుకొని రండి.

తోటివారి జీవితం గురించి అడిగేటప్పుడు ఎక్కడ ఆగాలి?

కులం, జీతం, పెళ్లి ఎందుకు కాలేదు, పిల్లలు ఎందుకు లేరు అన్న నాలుగు ప్రశ్నలు మా ప్రయాణాల్లో ఎవరూ అడగరు. ఊళ్లలో ఇవి మామూలుగా అడిగేవే, అడిగేవారికి చెడు ఉద్దేశం ఉండకపోవచ్చు కూడా. కానీ ఆదివారం పూట ఇంటి బరువు దించుకొని వచ్చిన మనిషి నెత్తిన మళ్లీ ఆ మూటే పెట్టడం సరికాదని మా అభిప్రాయం. ఎవరైనా తమంతట తాము చెప్పుకుంటే వినండి, సలహా అడిగితేనే ఇవ్వండి.

ఈ ప్రాంతానికే చెందిన రెండు సంగతులను ప్రత్యేకంగా చెప్పాలి. మొదటిది వలస. పాలమూరు నుంచి తరతరాలుగా కూలీలు ముంబై, పుణె దాకా వెళ్లి ఆనకట్టలు, కాలువలు, రోడ్లు కట్టారు. ‘పాలమూరు లేబర్’ అన్న పేరును కొందరు గర్వంగా చెప్పుకుంటారు, కొందరికి అది పుండు. మీ పక్కనున్నవారి తండ్రి ఏ పని మీద ఏ ఊరు పోయాడో తెలియకుండా ఆ మాటను తేలికగా వాడవద్దు. అదే సమయంలో, చెప్పదలచిన వారి నోట అంతకన్నా గొప్ప ప్రయాణ కథలు ఉండవు. చిన్నతనంలో అమ్మానాన్నలతో ఏడు రాష్ట్రాలు తిరిగి, ప్రతి చోటా ఆ భాషలో ఒక పాట నేర్చుకున్న ఒక అక్క మాతో వస్తుంటుంది. ఆమె పాడుతుంటే బస్సు కండక్టరు కూడా వెనక్కి తిరిగి వింటాడు.

రెండవది ఫ్లోరైడు నీళ్లు. మునుగోడు, మర్రిగూడ వైపు తరాల కొద్దీ తాగిన బోరు నీటి వల్ల ఎముకలు వంగిపోయిన మనుషులున్నారు. నీటిలోని ఫ్లోరైడును పటిక, సున్నంతో పేరబెట్టి తొలగించే పద్ధతిని నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ (నీరి) రూపొందించినప్పుడు దానికి ‘నల్లగొండ టెక్నిక్’ అనే పేరు వచ్చింది. మా జిల్లా పేరు చాలా దేశాల్లో ఈ నీటిశుద్ధి వల్లనే తెలుసు. ఆ పల్లెల్లో ఎవరి కాళ్లవైపూ తేరిపార చూడవద్దు, వంగిన నడుమును ఫోటో తీయవద్దు. వారూ పొలం గురించి, క్రికెట్ గురించి, మనుమల గురించి మాట్లాడాలనుకునే మనుషులే.

నాకు చెప్పుకోదగిన హాబీ ఏదీ లేదు. రావచ్చునా?

తప్పకుండా రావచ్చు. హాబీ అనగానే ఖరీదైన కెమెరా, దుర్భిణి గుర్తుకు రావడం వల్ల చాలామంది తమకు ఏదీ లేదనుకుంటారు. మాతో వచ్చే ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు మాటలు సేకరిస్తారు. ఆయన జేబులో ఎప్పుడూ ఉండే చిన్న పుస్తకంలో తొవ్వ, సోపతి, పైలం, గూన వంటి మాటలు, వాటిని ఏ ఊరిలో ఏ సందర్భంలో విన్నారో తేదీతో సహా రాసి ఉంటాయి. ఇంకొకామె వెళ్లిన ప్రతి ఊరి నుంచి విత్తనాలు తెచ్చుకుంటుంది: ఒక పిడికెడు చిక్కుడు, నాలుగు ఆనపకాయ గింజలు. మరొకరు చెరువు తూముల బొమ్మలు గీస్తారు. తొమ్మిదేళ్ల ఒక బాలుడు ప్రయాణమంతా కిటికీ పక్కన కూర్చొని తీగల మీద వాలిన పాలపిట్టలను లెక్కపెడతాడు; దసరాకు ముందు అతని లెక్క వినడానికి పెద్దవాళ్లం కూడా ఎదురుచూస్తాము.

ఇవేవీ లేకపోయినా ఇబ్బంది లేదు. మూడు ప్రయాణాల తర్వాత, మీరు దేని ముందు ఆగిపోతున్నారో పక్కవారే మీకు చెబుతారు.

ఏ అభిరుచి ఉన్నవారికి ఏ చోటు ఎక్కువగా నచ్చుతుంది?

ఇది అన్నిటికన్నా ఎక్కువ ఇష్టంగా మేము జవాబిచ్చే ప్రశ్న.

ఆకాశం చూసేవారికి నారాయణపేట జిల్లా కృష్ణా మండలంలోని ముడుమాల్‌ను మించిన చోటు మాకు కనిపించలేదు. కృష్ణా నది ఒడ్డున మనిషికి రెండింతల ఎత్తున్న బృహత్ శిలాయుగపు నిలువురాళ్లు వరుసల్లో నిలబడి ఉంటాయి. అక్కడ ఒక బండ మీద తొలిచిన చిన్న గుంటలు సప్తర్షి మండలాన్ని చూపుతున్నాయని పరిశోధకులు గుర్తించారు. 2025లో ఈ స్థలం యునెస్కో ప్రపంచ వారసత్వ తాత్కాలిక జాబితాలో చేరింది. ఊరివారు మాత్రం చాలా కాలంగా ఆ రాళ్లను నిలురాళ్ల తిమ్మప్ప అని కొలుస్తున్నారు. నక్షత్రాల సంగతి తెలిసిన మా మిత్రుడు ఒకరు, తిమ్మప్పకు మొక్కే ఒక రైతు ఆ బండ పక్కన కూర్చొని చుక్కల పేర్లు ఇచ్చిపుచ్చుకున్న సాయంత్రం మా అందరికీ గుర్తుంది. మా వాడు చెప్పిన పేర్లు రైతుకు కొత్త. గొల్లకావడి అనే చుక్కలు ఏ వేళకు ఎక్కడికి వస్తే ఏ పని మొదలుపెట్టాలో రైతు చెబుతుంటే అవి మా వాడికి కొత్త.

నాణేలు సేకరించేవారు సూర్యాపేట జిల్లాలోని ఫణిగిరికి వెళ్లాలి. ఆ బౌద్ధ క్షేత్రంలో 2024లో జరిగిన తవ్వకాల్లో ఒక మట్టికుండలో 3,730 సీసపు నాణేలు దొరికాయి. అక్కడికి వెళ్లిన నాణేల ప్రియులు ఒకరికొకరు తమ సేకరణలు చూపుకోవడం బాగుంటుంది. అయితే అక్కడి నేల మీద దొరికిన పెంకు ముక్కను కూడా జేబులో వేసుకోకూడదు. భూమిలో దొరికిన పాత నాణేన్ని అధికారులకు తెలపాలన్న చట్టం 1878 నుంచే ఉంది. అంతకన్నా ముఖ్యంగా, ఏ పొరలో దొరికిందో తెలియని నాణెం తన కథలో సగం పోగొట్టుకుంటుంది.

బొమ్మలు వేసేవారు అలంపురం అడుగుతారు. బాదామి చాళుక్యుల కాలపు తొమ్మిది బ్రహ్మ దేవాలయాలు అక్కడ ఉన్నాయి. పేర్లలో బ్రహ్మ ఉన్నా అన్నీ శివాలయాలే. స్వర్గబ్రహ్మ ఆలయపు గోడ ముందు కాగితం పట్టుకొని కూర్చున్న వారి చుట్టూ పది నిమిషాల్లో పిల్లలు చేరుతారు. రెండు పెన్సిళ్లు అదనంగా తీసుకువెళ్లండి. శాసనాలు చదవాలనుకునేవారు మాత్రం మిట్టమధ్యాహ్నం పోవద్దు. పొద్దు వాలుగా ఉన్నప్పుడు వెలుగు పక్క నుంచి పడి అక్షరాల గాళ్లలో నీడ నిలుస్తుంది, అప్పుడే రాత విప్పుకుంటుంది. నీడలో ఉన్న రాయికి టార్చిలైటును పక్కగా పట్టుకుంటే చాలు. పసుపు, సుద్ద, నూనె రుద్దడం రాతికి హాని. అది చేసినవారిని మేము మర్యాదగానే అయినా గట్టిగా ఆపుతాము.

ఎందుకు, ఎలా అని అడగకుండా ఉండలేని వారికి రెండు చోట్లు. నల్లగొండ పక్కన పానగల్లులోని ఛాయా సోమేశ్వరాలయంలో గర్భగుడి గోడ మీద ఒక స్తంభపు నీడ పగలంతా కదలకుండా ఉంటుంది. మండపపు స్తంభాల మధ్య నుంచి చెదిరి వచ్చే వెలుతురే దానికి కారణమని చెబుతారు. ఒక్కొక్కరు ఒక్కో స్తంభానికి అడ్డంగా నిలబడి, నీడ ఏమవుతుందో చూసుకుంటూ మా వాళ్లు గంటసేపు వాదించుకున్నారు. రెండవది వనపర్తి జిల్లా కొత్తకోట దగ్గరి సరళాసాగర్. వనపర్తి సంస్థానాధీశుల పూనికతో మొదలై 1959లో పూర్తయిన ఈ జలాశయంలో నీరు నిండు మట్టానికి చేరగానే సైఫన్లు వాటంతట అవే నీటిని లాగి అవతలికి వదులుతాయి; గేటు ఎత్తే మనిషి అక్కరలేదు. మంచి వానాకాలంలో అది పనిచేసే రోజు దొరికితే ఆ నీటి హోరు పక్కన ముచ్చట సాగదు, సైగలే.

నేతకారుల ఇళ్లకు వెళ్లినప్పుడు ఎలా మెలగాలి?

మగ్గం ఆగే దాకా ప్రశ్న వేయవద్దు. పోచంపల్లి, పుట్టపాకల్లో పోగును ముందే కట్టి, రంగు ముంచి, తర్వాత నేస్తారు. ఒక పోగు జరిగినా పువ్వు చెదిరిపోతుంది. నాడె చేతిలో ఉన్న మనిషి మీ మాటకు తల తిప్పితే నష్టం ఆ ఇంటిదే. చాయ తాగే వేళకు వారే లేస్తారు, అప్పుడు ముచ్చటకు కొదవ ఉండదు.

ధర అడగడం కన్నా పని అడగడం మంచిది. పుట్టపాకలో తేలియా రుమాలు అనే వస్త్రానికి నూలును ఆముదపు కాయల బూడిదతో, నూనెతో ఎందుకు మాగబెడతారో అడగండి. గద్వాలలో చీర ఒడలు నూలు, అంచూ కొంగూ పట్టు. ఆ రెండింటినీ మగ్గం మీదే పోగు పోగుగా ఎలా ముడివేస్తారో చూపించమనండి. ఆసు పోయడం, అంటే నేతకు ముందు నూలును పుల్లల చుట్టూ తిప్పడం గురించి ఇంటి ఆడవారిని అడగండి. ఒక్క చీర నూలుకు చేతిని వేలసార్లు ముందుకూ వెనక్కూ ఆడించి, భుజాలు పడిపోయిన తల్లుల కథ అది. తన తల్లి పడుతున్న ఆ బాధను చూడలేక ఆలేరు మండలం శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం ఆసు యంత్రాన్ని తయారుచేశారు. దానికి తల్లి లక్ష్మి పేరే పెట్టారు. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది.

మా బృందంలో అల్లికలు, కుట్టుపని చేసే వారు కొందరున్నారు. వారు తమ పనిని వెంట తీసుకువెళ్లి నేతకారుల ముందు పెడతారు. చూడడానికి వచ్చినవారు తమ చేతిపనిని కూడా చూపించినప్పుడు ఆ గదిలో గాలి మారుతుంది. చుట్టపుచూపుగా వచ్చినవారు తోటి పనివారవుతారు. కొనకపోయినా ఎవరూ ఏమీ అనుకోరు, కొనాలనుకుంటే మాత్రం బేరం ఆడవద్దని మా మనవి.

ఫోటోలు తీసుకోవచ్చునా?

తోటి సభ్యులవైనా, ఊరివారివైనా అడిగి తీయండి. తీసిన తర్వాత చూపించండి. ఇంట్లో గోడకు వేలాడదీసుకోవడానికి ఒక ప్రతి కావాలని ఎవరైనా అడిగితే అది మీరు నెరవేర్చవలసిన బాకీ. పిల్లల ఫోటోలను తల్లిదండ్రుల అనుమతి లేకుండా ఎవరికీ పంపవద్దు.

నల్లమల అడవికి, చెంచు గూడేలకు తీసుకువెళ్తారా?

అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో అటవీశాఖ అనుమతించిన దారుల్లోనే వెళ్తాము. మన్ననూరు దాటి శ్రీశైలం వెళ్లే దారిలో రాత్రి తొమ్మిది నుంచి ఉదయం ఆరు వరకు వాహనాలను వదలరు, కనుక వేళ లెక్క చూసుకుంటాము. అడవిలో మా ముచ్చట గుసగుసలకు దిగుతుంది. పక్షులను చూసేవారితో నడిచినప్పుడు మాట్లాడకుండా కలిసి ఉండడం కూడా స్నేహమేనని తెలిసి వస్తుంది.

గూడేలను ‘చూడడానికి’ మాత్రం వెళ్లము. చెంచులు ప్రదర్శన కాదు. చైత్ర పౌర్ణమి నాటి సలేశ్వరం జాతరలో వారు దారి చూపుతూ, భక్తులకు సాయం చేస్తూ కనిపిస్తారు. అక్కడ కలిసిన ఒక చెంచు పెద్దాయన తేనెపట్టు దించేటప్పుడు తీగ ఎవరు పట్టుకోవాలో, కొంత పట్టును ఎందుకు వదిలేయాలో మాకు చెప్పారు. తనకు చెప్పాలనిపించింది గనుక చెప్పారు. అలా దొరికిన మాటే మాకు చాలు.

మాటల్లో మనస్పర్థలు వస్తే ఏమి చేస్తారు?

వస్తాయి. ఒక సంగతి చెప్పాలి. సోమశిల దగ్గర కృష్ణ ఒడ్డున నిలబడి, నిండిన జలాశయాన్ని చూసి ఈ జవాబులు రాస్తున్న నేను ‘ఎంత అందంగా ఉంది’ అని పదే పదే అన్నాను. మాతో వచ్చిన ఒక పెద్దాయన చాలాసేపు మౌనంగా ఉండి, ‘మా ఇల్లు అండ్లనే ఉన్నది’ అన్నారు. శ్రీశైలం ప్రాజెక్టు ముంపులో ఆయన ఊరు పోయింది. నాకు నోట మాట రాలేదు. తొందరపడి క్షమాపణ చెప్పబోతే ఆయనే వారించి, వేసవిలో నీరు తగ్గితే తమ ఊరి గుడి మెట్టు ఏ వైపున తేలుతుందో చేయి చాపి చూపించారు. కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయిగా విప్పి అలంపురంలో తిరిగి నిలిపారు. మనుషులను అలా నిలపడం ఎవరి వల్లా కాలేదని ఆయన అన్నారు. ఆ రోజు సాయంత్రం వరకు నేను ఆయన పక్కనే కూర్చొని ఆ ఊరి వీధుల పేర్లు రాసుకున్నాను.

ఆనాటి నుంచి మేము ఒక పద్ధతి పాటిస్తున్నాము. ఒక ప్రాజెక్టు మీదో, రాజకీయం మీదో, దేవుడి మీదో మాట వేడెక్కితే ‘ఇందులో మీకు తగిలిందేమిటి?’ అని అడుగుతాము. వాదనకు జవాబు వాదనే అవుతుంది. ఆ ప్రశ్నకు మాత్రం సాధారణంగా ఒక కథ జవాబుగా వస్తుంది. రాజకీయం వద్దని మేము నిషేధించలేదు. నీళ్లు, భూమి, వలస గురించి మాట్లాడుతూ రాజకీయం వద్దనడం సాధ్యం కాదు. మనిషిని చిన్నబుచ్చే మాట అన్నవారు మాత్రం తర్వాతి ప్రయాణానికి ముందు స్వయంగా వెళ్లి కలిసి రావాలి. ఈ నియమాన్ని ఇప్పటివరకు అందరూ మన్నించారు.

మహిళలు ఒంటరిగా రావచ్చునా?

వస్తున్నారు, ఇప్పుడు సగానికి పైగా వారే. 2023 డిసెంబరు 9 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో తెలంగాణ మహిళలకు ఉచిత ప్రయాణం మొదలైన తర్వాత, ఇంట్లో డబ్బు అడగవలసిన పని లేకుండా మొదటిసారి తమ కోసం తాము ఊరు కదిలిన వారు మాలో ఉన్నారు. ఆధార్ కార్డు వెంట ఉంచుకొని జీరో టికెట్ తప్పనిసరిగా తీసుకోండి. బీడీలు చుట్టుకుంటూ నలభై ఏళ్లు ఒకే గడపలో గడిపిన ఒక పెద్దమ్మ, నాగార్జునసాగర్ ఆనకట్టను మొదటిసారి చూసి, తన పెళ్లినాటికి దీనిని కడుతున్నారని, తన మామ రాళ్లు మోయడానికి వెళ్లాడని చెప్పింది. 1955లో శంకుస్థాపన జరిగి, 1967లో కాలువలకు నీరు వదిలిన ఆ కట్టను నేను ఎన్నోసార్లు చూశాను గానీ, ఆమె పక్కన నిలబడి చూసినదే నాకు నిజమైన చూపు. రాత్రి బస చేసే ప్రయాణాల్లో ఇద్దరు సీనియర్ సభ్యురాళ్లు వెంట ఉంటారు. ఇంటివారు వారితో ముందే మాట్లాడవచ్చు.

ఏ కాలంలో రావాలి, ఏమి తెచ్చుకోవాలి?

సెప్టెంబరు నుంచి ఫిబ్రవరి వరకు హాయిగా ఉంటుంది. వానల తర్వాత బాలానగర్ సీతాఫలాలు, శీతకాలంలో చెరువుల మీద వలస పక్షులు, వేసవి తొలినాళ్లలో కొల్లాపూర్ మామిడి. ఏప్రిల్, మే నెలల్లో ఉదయం పదిన్నర తర్వాత మేము నీడ వదలము.

ఒకరికి సరిపడే దానికన్నా పిడికెడు ఎక్కువ సద్ది, ఇంటి నుంచే రెండు లీటర్ల నీళ్లు, తలకు తువ్వాల, చిన్న నోటుపుస్తకం తెచ్చుకోండి. పప్పు చెక్కలో, మక్క గుడాలో ఏదైనా సరే పంచుకోవడానికి ఉండాలి.

ప్రయాణం అయిపోయిన తర్వాత స్నేహాలు నిలుస్తాయా?

అన్నీ నిలవవు. కొన్ని ఆ ఒక్క రోజుకే సరిపోతాయి, వాటిని కూడా మేము తక్కువగా చూడము. నిలిచిన వాటిని చూస్తే, వాటిలో ఏదో ఒకటి ఇద్దరి మధ్య రాకపోకలు చేస్తూ ఉంటుంది. విత్తనాలు తీసుకువెళ్లిన వారు పాదు కాసిందని కాయతో తిరిగి వస్తారు. పుస్తకం అరువిచ్చినవారు అంచుల్లో రాసిన మాటలతో సహా దానిని వెనక్కి పుచ్చుకుంటారు. మాలో ఆరుగురు ఇప్పటికీ పోస్టుకార్డులు రాసుకుంటారు. కార్డు చిన్నది గనుక క్షేమసమాచారం, చూసిన ఒక సంగతి, అడగదలచిన ఒక ప్రశ్న మాత్రమే పడతాయి. ఆ ప్రశ్న ఉండడం వల్లనే జవాబు వస్తుంది.

ముంపు ఊరి పెద్దాయనకు నేను ఆ వీధుల పేర్లను శుభ్రంగా తిరగరాసి పంపాను. పది రోజుల తర్వాత వచ్చిన కార్డులో ఆయన రెండు పేర్లు సరిదిద్దారు, నేను వదిలేసిన మూడవ వీధిని చేర్చారు, ఎండాకాలంలో నీరు తగ్గగానే కబురు చేస్తానని, సద్ది తానే తెస్తానని రాశారు.